తాళం వేసిన ఇంటికి మోటారు

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా దారిలో ఏ ఊళ్ళో దిగి నడిచినా వీధికి నాలుగైదు ఇళ్ళకు తాళాలు కనపడతాయి. పాడుబడ్డ ఇళ్ళు కావవి. గోడలకు కొత్త రంగు, ముందర గ్రానైటు అరుగు, మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, అన్నీ ఉంటాయి. మనుషులే ఉండరు. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, గుంటూరులోనో ఉంటారు. సంక్రాంతికి ఒకసారి, మార్కాపురం చెన్నకేశవస్వామి తేరుకు ఒకసారి, పిల్లల వేసవి సెలవుల్లో ఒకసారి వచ్చి బూజు దులుపుకొని, పదిమందీ కలిసి తిని, మళ్ళీ తాళం వేసి పోతారు. ఆ బాపతులో నేనూ ఒకణ్ణి.

పూర్వం ఇట్లా వచ్చేవాళ్ళకు నీళ్ళ ఆలోచనే లేదు. బిందె చంకన పెట్టుకొని ఊరి బావికి పోయేవాళ్ళు, ఆ తర్వాతి కాలంలో బోరింగు దగ్గరికి. ఊరి సంగతులన్నీ అక్కడే తెలిసేవని మగవాళ్ళం ముచ్చటగా రాసుకుంటాం గానీ, ఆ వరసలో నిలబడ్డ ఆడవాళ్ళను అడిగితే అందులో ముచ్చటేమీ లేదంటారు. నడుములు పోయింది వాళ్ళవి. కాబట్టి ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. ఇప్పుడు స్నానాల గది ఇంట్లోకి వచ్చింది, మరుగుదొడ్డి ఇంట్లోకి వచ్చింది, నీళ్ళు మిద్దె మీదికి ఎక్కాల్సి వచ్చింది. ఊళ్ళో పాత ఇల్లు బాగుచేయించే ఎవడైనా రంగుల కంటే ముందు బోరు సంగతి చూస్తున్నాడు.

"ఏడాదికి పది దినాలుండే కొంపకు బోరెందుకురా?" అన్నాడు మా చిన్నాయన. "ట్యాంకరు తోలించుకుంటే పోయేదానికి."

లెక్క ప్రకారం ఆయన మాటే రైటు. బోరు, కేసింగు, మోటారు, పైపు, కేబులు, స్టార్టరు, కరెంటు పని అన్నీ కలిపితే అయ్యే డబ్బుతో నేను బతికున్నన్నాళ్ళూ పండక్కి ట్యాంకర్లు తోలించుకోవచ్చు. కానీ లెక్కలతో ఊళ్ళో ఇల్లు ఉంచుకునే వాడెవడు? అక్కడ నీళ్ళుండవన్న ఒక్క మాట చాలు, మా పిల్లలు ఆ పండక్కి రాకుండా ఉండటానికి. ఒక పండక్కి రాకపోతే రెండోదానికి రారు. ఆ తర్వాత ఇల్లు అమ్ముదామనే మాట నా నోటి నుంచే వస్తుంది. బోరు వేయించింది స్నానాల కోసమని పైకి చెప్పాను.

మాది పలకల నేల. తెలుగునాట అక్షరాలు దిద్దిన కొన్ని తరాల పిల్లల ఒళ్ళోకి ఇక్కడి రాయి వెళ్ళింది. ఆ పలక గురించి బడిపిల్లవాడికి తెలిసిన సంగతే బోరు వేసేవాడికీ ముఖ్యం: అది నీళ్ళు పీల్చదు. తడిగుడ్డతో తుడిస్తే చూస్తుండగానే ఆరిపోతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతిపొరలకు మా దగ్గరి ఊరు కంభం పేరే పెట్టారు. కంభం ఫార్మేషను అంటారు. ఇందులో నీరు రాతిలో ఉండదు, తడిసిన పుస్తకంలో పేజీకీ పేజీకీ నడుమ చెమ్మ నిలిచినట్టు పొరల సందుల్లో, పగుళ్ళలో ఉంటుంది. సందు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. అందుకే ఇక్కడ ప్రహరీకి అవతలివాడి బోరు పొంగుతుంటే ఇవతలివాడిది ఒట్టిపోవడం వింత కాదు. దీన్ని ఊళ్ళో అదృష్టం అంటారు. పగులు ఏ వాలున పోయిందో చూడలేని మనిషి ఇంకేమంటాడు?

చూడలేకపోయినా చూసినట్టు చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో భూమిలోని నీటి జాడలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. నేరేడు చెట్టుకు తూర్పున పుట్ట ఉంటే దక్షిణం వైపు రెండు నిలువుల లోతున తీపి నీరు పడుతుందన్నట్టు, చెట్టుకూ పుట్టకూ దిక్కుకూ ముడిపెట్టి చెబుతాడు. చెదపురుగుకు చెమ్మ కావాలి కదా, అందులో పసలేదని కొట్టిపారేయలేం. కాకపోతే ఆయన చెప్పింది చేతితో తవ్వే బావుల లోతు. ఇప్పుడు మనం దిగే వందల అడుగుల కింద ఏముందో పైనున్న పుట్టకేం తెలుస్తుంది? మా ఊళ్ళో పాయింటు పెట్టేవాళ్ళలో అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకొని నడిచేవాళ్ళున్నారు, వేపపంగ పట్టుకునేవాళ్ళున్నారు, భూమిలోకి నాలుగు ఇనుప చువ్వలు దిగ్గొట్టి కరెంటు పంపి మీటరులో నిరోధం చూసే జియాలజిస్టులున్నారు. నేను ముగ్గురినీ పిలిచాను. పెరట్లో మూడు చోట్ల మూడు గుర్తులు పడ్డాయి. జియాలజిస్టు చెప్పిన చోటే వేయించాను. నీళ్ళు పడ్డాయి. కొబ్బరికాయ మనిషి వచ్చి చూసి, "నే చెప్పిన చోటయితే ఇంకా పడేయి" అన్నాడు. కాదని ఎట్లా రుజువు చేస్తాం?

రిగ్గు బండి తమిళనాడు నుంచి వచ్చింది. నామక్కల్ జిల్లాలో తిరుచెంగోడు అనే ఊరుంది, దేశమంతటికీ బోరు బండ్లు అక్కణ్ణించే బయల్దేరతాయి. తమిళం వాళ్ళు నడుపుతుంటే ఉత్తరాది కుర్రాళ్ళు రాడ్లు ఎక్కిస్తుంటారు. తెల్లవార్లూ వీధిలో ఎవరికీ నిద్ర లేదు. ముందు ఎర్రమట్టి, తర్వాత పచ్చటి మొరుసు, ఆపైన నల్లటి పలకపొడి. ఆ పొడి చెట్ల మీదా దండెం మీది బట్టల మీదా పడి పెరడంతా పాత బడిలా అయింది. 180 అడుగుల దగ్గర చెమ్మ, 310 దగ్గర ఒక సందు. 420 దాకా పోయి ఆపేశారు. ఇంచి నీళ్ళు, అన్నాడు డ్రైవరు. ఇంకా లోతుకు పోదామన్నాడు కూడా. అడుగు లెక్కన డబ్బు తీసుకునేవాడు ఆ మాట అనకపోతేనే ఆశ్చర్యం.

బోరు పడ్డం ఒక ఎత్తు, అందులోంచి నీళ్ళు పైకి తేవడం ఇంకో ఎత్తు. మా తాత కాలంలో చేలో దిగుడు బావి మీద కపిల ఆడేది. ఎద్దులు ఏటవాలు బాటలో కిందికి నడిస్తే తోలుబాన పైకొచ్చేది. తర్వాత మా నాన్న ఆయిలింజను పెట్టించాడు. ఆ ఇంజను గట్టు మీద ఉండేది కాదు, బావిలోపల నడుముదాకా దిగి రాతిలో చెక్కించిన అరుగు మీద ఉండేది. ఎండలు ముదిరి నీళ్ళు కిందికి పోతే ఇంజనును ఇంకా కిందికి దించేవాళ్ళు. నూనె పొగతో నిండిన బావిలో మనిషి దిగి దాన్ని తిప్పాలి. గట్టు మీదే పెట్టుకోవచ్చుగా అని చిన్నప్పుడు నా సందేహం.

పెట్టుకోలేరు. పంపు నీటిని లాగదు, అసలు కిటుకు అక్కడే ఉంది. పంపు చేసేది పైపులో గాలిని తీసేయడం. బయటి గాలి బావి నీటి మీద మోపే బరువే నీటిని పైపులోకి తోస్తుంది. ఆ బరువు మహా అయితే 34 అడుగుల నీటిని నిలబెట్టగలదు. పైనుంచి ఎంత గొప్ప యంత్రం పెట్టి పీల్చినా అంతకు మించి ఒక్క అడుగు రాదు. ఇటలీలో బావులు తవ్వేవాళ్ళకు ఇది అనుభవంలో తెలుసు. గెలీలియో 1638 నాటి తన పుస్తకంలో ఈ చిక్కును ప్రస్తావించాడు, సరైన కారణం చెప్పలేకపోయాడు. ఆయన శిష్యుడు టోరిచెల్లి కొన్నేళ్ళకు పాదరసంతో తేల్చాడు. ఆచరణలో పాతిక అడుగులు దాటితేనే పంపు మొరాయిస్తుంది. మా నాన్న ఆయిలింజను రాతి అరుగు దిగింది ఆ నియమానికి తలవంచే.

లోతు నుంచి పీల్చలేనప్పుడు లోతుకే పోయి పైకి తోయాలి. అంటే మోటారు నీళ్ళలో మునగాలి. కరెంటునూ నీళ్ళనూ ఒకే గొట్టంలో పెట్టే ఈ తెగువ చేసినవాడు అరుటునాఫ్ అనే ఇంజనీరు. టిఫ్లిస్‌లో పుట్టిన ఆర్మేనియన్. 1916 ప్రాంతంలో రష్యాలో తయారుచేశాడు, అక్కడి గొడవల్లో జర్మనీకీ, ఆపైన అమెరికాకూ చేరాడు. 1920ల చివర అక్కడ అతని పంపులు చమురు బావుల్లోకి దిగాయి. చమురు బావుల్లో ఆడిన ఆ సరుకే ఇవాళ కోయంబత్తూరులో తయారై, మార్కాపురం బజారులో అట్టపెట్టెల్లో దొరుకుతోంది. బోరులో పట్టేంత లావు, మనిషి ఛాతీ ఎత్తు. కింద మోటారు, పైన ఒకదాని మీద ఒకటిగా పేర్చిన చిన్న చిన్న చక్రాలు. వాటిని స్టేజీలంటారు. ఒక్కో స్టేజీ నీటిని కొంత ఎత్తుకు తోసి పైదానికి అప్పగిస్తుంది.

షాపులో అడిగిన మొదటి ప్రశ్న, ఎన్ని హార్స్ పవరు. అందరికీ ఉన్న యావే నాకూ ఉంది. పెద్దది పెడితే ట్యాంకు పావుగంటలో నిండుతుంది కదా. పక్కన బల్ల మీద వైండింగు చుట్టుకుంటున్న మెకానిక్కు తలెత్తకుండానే అన్నాడు: "అన్నా, మోటారుకు ఎంత బలముందని కాదు, బోరు ఎంత ఇస్తదని అడుగు."

ఆ మాటను కాగితం మీద పెట్టి చూశాను. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు ఆరున్నర లీటర్లు పడతాయి. అంకెలు అట్లా కుదిరాయి, గుర్తుపెట్టుకోవడం తేలిక. మా బోరులో నీళ్ళు 90 అడుగుల దగ్గర నిలిచాయి. మోటారు 360 దగ్గర ఉంటే మధ్యలో నిలవున్నవి సుమారు 1,750 లీటర్లు. సందులోంచి నిమిషానికి పది, పన్నెండు లీటర్లు ఊరతాయి. 3 హార్స్ పవర్ల మోటారు ఆ లోతు నుంచి నిమిషానికి యాభై పైచిలుకు తోడేస్తుంది. ముప్పావుగంట లోపే బోరు ఖాళీ, ఆపైన మోటారు గాలిలో తిరిగి కాలిపోవడమే. 1 హార్స్ పవరుదైతే నిమిషానికి పదిహేను, ఇరవై లీటర్ల మధ్య ఇస్తుంది. గంటలో 1,000 లీటర్ల ట్యాంకు నిండుతుంది, నాలుగైదు గంటలు ఆడినా బోరు తట్టుకుంటుంది. చిన్నదే కొన్నాను. ఇంటికి సింగిల్ ఫేజు కరెంటే కాబట్టి కెపాసిటర్లున్న స్టార్టరు పెట్టె కూడా.

మోటారు దించిన రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇనుప పైపులైతే ఇరవై అడుగుల ముక్కలు, మూడు కాళ్ళ స్టాండు, చైను కప్పి ఉంటే ఇద్దరు మనుషులు చాలు. చిన్న మోటారుకు అంత హంగామా ఎందుకని మెకానిక్కు నల్ల పైపు తెచ్చాడు, ఇంచింపావుది, ఒకే చుట్ట. ఆ చుట్ట విప్పడానికి మా పెరడు చాల్లేదు. గేటు తీసి వీధిలోకి పరిచారు. మా ఇంటి దగ్గర మొదలై, చిన్నాయన ఇల్లు దాటి, రామాలయం మలుపు తిరిగి, పాలకేంద్రం ముందర ఆగింది. బండ్లు నిలిచిపోయాయి. అంత పొడవు పైపు నేల మీద ఎట్లా ఉంటుందో చూస్తే తప్ప, మనం ఎంత లోతు నుంచి నీళ్ళు అడుగుతున్నామో తెలియదు. ఊరి సగం వీధిని నిలువుగా భూమిలోకి దింపబోతున్నాం.

ముందు మోటారు మూత విప్పి లోపల మంచినీళ్ళు నింపాడు. అందులో నీళ్ళే నూనె, బేరింగుల మధ్య అవే జారుడు. బుడగలు పోయేదాకా ఊపి ఊపి నింపాడు. తర్వాత కేబులు జాయింటు. మూడు తీగలు, ఒక్కొక్కటీ కాస్త ఎగుడుదిగుడుగా కత్తిరించి, ఒకదాని ముడి ఇంకోదాని పక్కకు రాకుండా చూసుకొని మెలిపెట్టాడు. దాని మీద టేపు, మళ్ళీ రబ్బరు టేపు, మళ్ళీ టేపు. చుట్టేటప్పుడు టేపును సాగదీస్తూ నోట్లో మాట లేకుండా చుట్టాడు. అప్పటిదాకా సెల్‌ఫోనులో పాటలు వింటున్న మనిషి ఆ పది నిమిషాలూ పాట ఆపేశాడు. జాయింటును బకెట్టు నీళ్ళలో ముంచి మీటరు పెట్టి చూసి, అప్పుడు మళ్ళీ పాట పెట్టాడు. మోటారు చెవికి నైలాను మోకు కట్టాడు. పైపు తెగినా మోటారు చేతికి దక్కాలని.

ఇక దించాలి. మెకానిక్కు, అతని కుర్రాడు బోరు దగ్గర. పైపు మోయడానికి మనుషులు కావాలి. పిలవకుండానే వచ్చారు. పాలకేంద్రం దగ్గర ఒకరు, గుడి మలుపులో ఇద్దరు, బడి లేని పిల్లలు మధ్య మధ్యలో. పైపును భుజం మీద పెట్టుకొని అందరూ ఒకే అడుగున మా గేటు వైపు నడుస్తుంటే, ముందరున్న భాగం కేసింగులోకి దిగిపోతోంది. పది అడుగులకొకసారి "ఆగూ" అని కేక. పాత సైకిలు ట్యూబు కోసిన పట్టీలతో కేబులును పైపుకు బిగించి కడతారు. మళ్ళీ నడక. కొంత దిగాక పైపు బరువు చేతులకు తెలిసింది, నీటిలో మునిగాక కాస్త తేలికైంది. చివర్లో క్లాంపు బిగించి, బోరు నోటికి మూత పెట్టి, అందరూ చేతులు దులుపుకొన్నారు. పక్కింటి పెద్దమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది. నేను కొన్న మోటారును దించింది వీధి మొత్తం. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు, సరదాగా ఉందని ఫోటోలు తీసుకుంటున్నాను.

తట్టేలా చేసింది మెకానిక్కే. సామాను సర్దుకుంటూ అడిగాడు, "ఇక్కడ ఎవరుంటరన్నా?" ఎవరూ ఉండరన్నాను. పండక్కి వస్తామన్నాను. అతను మూత పెట్టిన బోరు వైపు చూసి, "అట్టయితే ఇది ఉండదు," అన్నాడు.

నేను అనుకున్నది వేరు. వాడని వస్తువు అరగదు, తక్కువ వాడితే ఎక్కువ కాలం వస్తుంది, చీరకైనా చెప్పుకైనా ఇదే కదా సూత్రం. నీళ్ళలో మునిగిన మోటారుకు చెల్లదట. మా నీళ్ళలో సున్నం ఎక్కువ, అక్కడక్కడా ఇనుము. నెలల తరబడి కదలకపోతే స్టేజీల మధ్య పొరలు పేరుకుని చక్రాలు పట్టేస్తాయి. పండగనాడు స్విచ్చి వేస్తే లోపలెక్కడో మూలిగి, రిలే ఎగిరిపోతుంది. మెకానిక్కు వచ్చి వైర్లు మార్చి ఎదురు తిప్పి విడిపించే ప్రయత్నం చేస్తాడు. విడిపోతే సరి, లేకపోతే సగం వీధి పొడవు పైపు మళ్ళీ పైకి లాగాలి. పైన స్టార్టరు పెట్టెలో బల్లులు, చీమల పుట్టలు, ఎలుక కొరికిన తీగలు. వారానికొకసారైనా ఆడించాలన్నాడు. నీళ్ళు కావాలన్నా వద్దన్నా ఆడించాలి. అంటే తోడిన నీళ్ళు ఎవరో ఒకరు వాడాలి.

ఊళ్ళో ఉండని యజమాని పొలానికి ఉంటాడు, ఇంటికి ఉంటాడు. పంపుకు మాత్రం కుదరదు. అది ఎవరు తిప్పితే వాళ్ళ మాట వింటుంది.

చట్టం ఇంకోలా చెబుతుంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, నిర్ణీతమైన పాయగా పారనంతవరకూ నా నేల కింద నీళ్ళు నావే, తోడుకోవచ్చు, ఖర్చు పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో 2002లో వాల్టా చట్టం వచ్చి బోర్లు నమోదు చేయించాలనీ, అనుమతి తీసుకోవాలనీ, మంచినీటి బోర్ల దగ్గర్లో కొత్తవి వేయకూడదనీ పగ్గాలు వేసింది. కాగితం మీద రెండూ ఉన్నాయి. రాతి సందుకు ఈ రెండూ తెలియవు. మా బోరు ఆడితే చిన్నాయన బోరులో నీరు దిగుతుంది. ఆయన మోటారు వేస్తే మాది దిగుతుంది. ప్రహరీ గోడ పునాది నాలుగడుగులు, సందు ఉన్నది 310 అడుగుల కింద.

ఇందులో మా బాపతు వాళ్ళం చేసే అన్యాయం ఒకటుంది, దాన్ని ఎవరూ పైకి అనరు. సంక్రాంతికి వచ్చినప్పుడు పెద్ద బాధ లేదు, వానలు కురిసి బోర్లు నిండుగా ఉంటాయి. కానీ అసలు జనం వచ్చేది తేరుకూ వేసవి సెలవులకూ. నీళ్ళు అట్టడుక్కి పోయినప్పుడే తాళాలన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. మోటార్లన్నీ ఒక్కసారి ఆడతాయి. షవర్ల కింద పట్నం పిల్లలు, కార్లు కడిగే డ్రైవర్లు. ఏడాదంతా పొదుపుగా వాడుకొని మిగుల్చుకున్నది ఊళ్ళో ఉండేవాళ్ళు, వచ్చి పది రోజుల్లో తాగేది మేం.

ఈ ప్రాంతపు రైతులకు ఇట్లాంటి లెక్కలు కొత్త కాదు. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఏడు కరువు జిల్లాల్లో రైతుల చేతనే భూగర్భ జలం కొలిపించిన పథకం నడిచింది. అప్పటి మా ప్రకాశం జిల్లా అందులో ఒకటి. పదిహేను రోజులకొకసారి బోరులోకి తాడు వదిలి నీటి మట్టం చూసి రాసేవాళ్ళు, వాన కొలిచేవాళ్ళు. వానలయ్యాక ఊరంతా కూర్చుని భూమిలో ఎంతుంది, ఏ పంట వేస్తే ఎంత తాగుతుంది అని బడ్జెటు వేసేవాళ్ళు. వరి వేయొద్దని ఎవరూ ఎవరినీ నిర్బంధించలేదు. లెక్క గోడ మీద కనపడేది, ఎవరి నిర్ణయం వాళ్ళది. ప్రాజెక్టు గడువు అయిపోయింది. నాకు మాత్రం, మన దగ్గర నీళ్ళ మీద జరిగిన పనుల్లో అంత తెలివైన పని ఇంకోటి కనపడదు. ఆ బడ్జెట్లలో పండగ చుట్టాల పద్దు కూడా ఉండాల్సింది.

తాగడానికి ఈ నీళ్ళు ఎట్లాగూ పనికిరావు. పరీక్ష చేయిస్తే ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటింది. ఆశ్చర్యమేమీ లేదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట గుర్తించి 1937లో షార్టూ, ఆయన తోటి డాక్టర్లూ రాసింది అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్ళ గురించే. ఆ ఊళ్ళు మన పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఉన్నాయి. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు తెప్పించుకుంటాం. 420 అడుగులు తవ్వించినవాడు దాహానికి క్యాను మీద ఆధారపడటం మా వైపు ఎవరికీ విడ్డూరంగా అనిపించదు.

కృష్ణ నీళ్ళు వస్తాయని మా వాళ్ళు వింటున్నది 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు పునాదిరాయి పడిన నాటి నుంచి. నల్లమల కింద పద్దెనిమిది కిలోమీటర్లు దాటిన సొరంగాలు రెండు. 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. తవ్వకం అయింది గానీ నీళ్ళు చేలల్లో పారాలంటే చేయాల్సిన పనులు అప్పటికి ఇంకా ఉన్నాయి. దగ్గర్లోనే కంభం చెరువు ఉంది, రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన కట్ట; దాన్ని 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ నిర్మాణంగా గుర్తించింది. అది నిండిన ఏడు చుట్టుపక్కల బోర్లు వాటంతటవే లేస్తాయి. ఎవరి ప్రహరీలో వాళ్ళు బోరు వేసుకుంటున్న మనకు, మన బోరులోకి నీరు ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు కాస్త గుర్తుకొస్తుంది. చెరువులోకి వచ్చే వాగులు పూడితే ఒకటి కాదు, మూడు హార్స్ పవర్ల మోటారైనా ఏం చేస్తుంది?

మోటారు తాళంచెవి పక్కింటి పెద్దమ్మకు ఇచ్చాను. ఉపకారం చేస్తున్నట్టు కాదు. ఆమె తిప్పకపోతే నాకు మోటారే ఉండదు. ఆమె గోడ పక్కగా ఒక పైపు లాగించి వీధిలోకి కుళాయి పెట్టించింది. సోమవారం, శుక్రవారం పొద్దున గంట సేపు ఆడిస్తుంది. చుట్టుపక్కల నాలుగిళ్ళు పట్టుకుంటాయి. కరెంటు బిల్లు పంచుకుంటారు, నా వంతు నేనూ వేస్తాను. కాస్త ఆలస్యమైతే ఫోను వస్తుంది. ఏ ఇంటికి ఎన్ని బిందెలు అన్నది ఆమె ఇష్టం. ఎవరితోనైనా మాట పట్టింపు వచ్చిన వారం ఆ ఇంటికి బిందె తగ్గుతుందని కూడా విన్నాను. నేను కల్పించుకోలేదు. హైదరాబాదులో కూర్చుని మా వీధి తగాదాలకు తీర్పు చెప్పే హక్కు నాకెక్కడిది?

మొన్న ఫాల్గుణం చివర్లో ఆమే ఫోను చేసింది.

"నాయనా, నీళ్ళు ఆగి ఆగి వస్తన్నయ్. అరగంటకు మించి ఆడట్లా. తేరుకు ఎంతమంది వస్తన్నరు?"

పద్నాలుగు మందిమి అన్నాను.

"అంతమందికి పైన ట్యాంకు నింపను. వంటకూ దొడ్లోకీ నింపుతా. స్నానాలకు బకెట్లే. ఆ పైనుంచి చల్లుకునేవి కట్టేయమని పిల్లలకు నువ్వే చెప్పుకో."

సరే పెద్దమ్మా అన్నాను. పెట్టేయబోతుంటే మళ్ళీ అంది: "వచ్చేటప్పుడు ఇత్తడి గేటువాల్వు ఒకటి పట్టుకురా, ఇంచింపావుది. ఇక్కడ తెచ్చింది కారతా ఉంది. బిల్లు కాగితం పారేయబాక, అందరిళ్ళ నుంచీ వసూలు చెయ్యాల."